అనుమానానికి కోడ్ లేదు

కాలి నొప్పి చెప్పుకోవడానికి మనకు మాటల కరువు లేదు. నరం పట్టేసింది, నరం గుంజుతోంది, తిమ్మిరెక్కింది, మొద్దుబారింది, సూదులు గుచ్చినట్టుంది, తుంటి దగ్గర మొదలై పిక్కలోకి కరెంటు పాకినట్టుంది. ఆయుర్వేదం ఈ బాధకు గృధ్రసి అని పేరు పెట్టింది. నొప్పితో ఒక పక్కకు ఒరిగి అడుగులేసే మనిషిలో పూర్వులకు రాబందు నడక కనిపించిందట. అమెరికాలో ఆసుపత్రి బిల్లుకు ఈ మాటల్లో ఒక్కటీ అక్కర్లేదు. దానికి కావలసింది ఐదారు అక్షరాల కోడ్. కుడికాలి సయాటికా అయితే ఎం54.31, ఎడమకాలిదైతే ఎం54.32. దానితోపాటు నడుం నొప్పి కూడా ఉంటే ఎం54.4తో మొదలయ్యే వరుస. నడుం దగ్గర నరం మొదలే దెబ్బతిన్నదని డాక్టరు తేల్చితే ఎం54.16. దానికి డిస్కు కారణమని కూడా తేల్చితే ఎం51.16. ఏదీ తేలకపోతే ఉత్త కాలు నొప్పి: కుడికి ఎం79.604, ఎడమకు ఎం79.605.

అమెరికా రోగి కాలు నొప్పితో తెలుగు పత్రికకేం పని అని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. ఆ కోడ్ వేసే చెయ్యి చాలాసార్లు మన చెయ్యే. బీఫార్మసీ, బీఎస్సీ, ఫిజియోథెరపీ చదివిన వేలమంది తెలుగు పిల్లలు హైదరాబాదులో, చెన్నైలో, బెంగళూరులో కూర్చుని అమెరికా డాక్టర్లు రాసిన నోట్లు చదివి కోడ్‌లు వేస్తున్నారు. ఆ కోడ్‌లతో వెళ్లిన బిల్లును బీమా కంపెనీ తిప్పికొడితే, రాత్రి షిఫ్టులో ఫోన్లు పట్టుకుని కంపెనీతో మాట్లాడే ఏఆర్ కాలర్లూ వాళ్ల స్నేహితులే. అమీర్‌పేటలో మెట్లెక్కితే చాలు, ఈ చదువు చెప్పే గదులు కనిపిస్తాయి. మర్యాదైన ఉద్యోగం, ఎన్నో ఇళ్లకు ఆసరా. అందుకే ఈ పనిలో పేరుకుంటున్న ప్రమాదం గురించి బయటివాళ్ల కంటే ముందు మనం మాట్లాడుకోవాలి.

ప్రమాదాన్ని ఒక్క ముక్కలో చెప్పవచ్చు. డాక్టరు అనుమానంగా రాసినది, బిల్లులో నిర్ధారణగా మారిపోతోంది.

దీన్ని ఆపడానికి స్పష్టమైన నియమం ఉంది. అమెరికా వాడే జబ్బుల కోడ్‌ల పట్టిక ఐసీడీ-10-సీఎంకు ఏటా వెలువడే అధికారిక మార్గదర్శకాల్లో నాలుగో విభాగం ఔట్‌పేషెంట్ సేవలకు సంబంధించినది. కావచ్చు, అనుమానం, ప్రశ్నార్థకం, కాదని తేల్చుకోవాలి, ఫలానాదానికి సరిపోతోంది అంటూ డాక్టరు రాసిన జబ్బును కోడ్ చేయరాదని అది చెబుతుంది. ఆ రోజుకు ఖాయంగా తెలిసిందేదో దాన్నే కోడ్ చేయాలి. ఏ జబ్బో తేలకపోతే లక్షణం దగ్గరే ఆగాలి. ఆసుపత్రిలో చేరి డిశ్చార్జి అయిన రోగి విషయంలో పద్ధతి వేరు. డిశ్చార్జి నాటికి కూడా ‘కావచ్చు’ అనే మిగిలిన జబ్బును అక్కడ ఉన్నట్టుగానే కోడ్ చేస్తారు. ఇన్‌పేషెంట్ చార్టులు చేసిన అలవాటుతో ఔట్‌పేషెంట్ చార్టులు ముట్టుకున్నవాళ్లు తడబడేది ఇక్కడే. తడబాటయితే దిద్దుకోవచ్చు. మా భయం తడబాటు గురించి కాదు, అలవాటు గురించి.

ఒక నోటు ఊహించండి. యాభై ఏళ్ల మనిషి పది రోజులుగా ఎడమకాలు లాగుతోందని వచ్చాడు. పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి చూశారు. కొంత నొప్పి ఉంది, బలం బాగానే ఉంది, మడమ దగ్గర రిఫ్లెక్సు బాగానే ఉంది. డాక్టరు చివర్లో రాసింది ఇంతే: ఎడమకాలి నొప్పి, నరం మొదలు నొక్కుకుందేమో చూడాలి, నొప్పి మాత్రలు, ఆరు వారాల తర్వాత రమ్మన్నాం. నియమం ప్రకారం కోడ్ ఎం79.605. ఎం54.16 కాదు. ‘చూడాలి’ అన్న మాటకు అర్థం ఇంకా చూడలేదనే.

కానీ ఎం79.605తో వెళ్లిన బిల్లుకు దారి నున్నగా ఉండదు. అమెరికా బీమా వ్యవస్థలో ప్రతి పరీక్షా, ప్రతి ఇంజెక్షనూ ఫలానా జబ్బుకు అవసరమేనని కోడ్‌ల జత రుజువు చేయాలి. ఉత్త కాలు నొప్పితో ఎమ్మారైకి అనుమతి దొరకడం కష్టం. నడుంలో ఇచ్చే ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షనుకు వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ తరఫున ప్రాంతీయ సంస్థలు పెట్టిన నిబంధనలు ఇంకా బిగువు: నరం మొదలు దెబ్బతిన్నదనో, వెన్నుకాలువ ఇరుకై నరాలు నలుగుతున్నాయనో చార్టులో ఆధారం ఉండాలి. ఆధారం లేకపోతే బిల్లు తిరిగి వస్తుంది. మీద సీవో-50 అని ఉంటే వైద్యపరంగా అవసరం కనబడలేదని, సీవో-11 అని ఉంటే చేసిన పనికీ చెప్పిన జబ్బుకూ పొంతన లేదని. ఏఆర్ బృందం ఫైలు వెనక్కి పంపుతుంది. కోడర్ తెర మీద ఒక వాక్యం పడుతుంది: డయాగ్నసిస్ చూడండి, మార్చి పంపండి.

ఆ వాక్యాన్ని రెండు రకాలుగా చదవవచ్చు. నోటులో నిజంగానే ఇంకో చోట డాక్టరు నిర్ధారణ రాసి ఉంటే, మొదటిసారి దాన్ని చూడకపోతే, మార్చడం ధర్మం. నోటులో లేనిది కావలసి వస్తే డాక్టరుకే ప్రశ్న పంపాలి. ఆ ప్రశ్న కూడా జవాబును నోట్లో పెట్టేలా ఉండకూడదు. రెండో రకం చదువు సులభం: ఎం54.16 వేస్తే డబ్బు వస్తుంది, వేసేద్దాం. రాసిందెవరో, నొప్పి ఎవరిదో తెలియని చోట, పూట గడిచేలోగా మరెన్నో చార్టులు ముగించాల్సిన చోట, రెండో చదువుకే బలం ఎక్కువ. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టు, కాలు లాగిన ప్రతివాడికీ ఒకటే కోడ్ పడుతుంది.

కోడ్‌ల పుస్తకంలో విభజన మాత్రం ఏడాదికేడాది సన్నం అవుతోంది. అమెరికా 2015 అక్టోబరు 1న పాత ఐసీడీ-9ను వదిలి పదిలోకి వచ్చినప్పుడే జబ్బుల కోడ్‌లు సుమారు పద్నాలుగు వేల నుంచి అరవై ఎనిమిది వేల పైకి వెళ్లాయి. నడుం నొప్పికి ఎంతోకాలం ఒక్కటే ఉన్న ఎం54.5ను 2021 అక్టోబరులో తీసేసి మూడు ముక్కలు చేశారు. 2024 అక్టోబరులో నడుం డిస్కు అరుగుదల కోడ్‌ను ఇంకా చీల్చారు: నడుం నొప్పి మాత్రమే ఉంటే ఒకటి, కాలి నొప్పి మాత్రమే ఉంటే ఒకటి, రెండూ ఉంటే ఒకటి, ఏ నొప్పీ ప్రస్తావించకపోతే మరొకటి. వివరం పెరగడం మంచిదే. పరిశోధనకు పనికొస్తుంది, రోగికీ న్యాయం జరుగుతుంది. అయితే డాక్టరు నోటు అంత సన్నగా లేనప్పుడు కోడ్‌లో మాత్రం సన్నదనం ఎక్కడి నుంచి వస్తుంది? కుడా ఎడమా అన్నది కూడా రాయని నోట్లు ఉంటాయి. పక్క తెలియదని చెప్పే ఎం54.30 ఉంది కానీ, చాలా బీమా కంపెనీలకు అది గిట్టదు. కాబట్టి పక్క ఒకటి కావాలి. కావాలి గనుక దొరుకుతుంది. ఇంతకంటే ప్రమాదకరమైన వాక్యం ఈ వృత్తిలో ఇంకొకటి లేదు.

డిస్కు విషయానికి వద్దాం, ఎందుకంటే ఇక్కడ మోసం కంటే నమ్మకమే ఎక్కువ చెడుపు చేస్తోంది. నడుంలోని డిస్కు చీలి నరాన్ని నొక్కడం వల్ల సయాటికా వస్తుందని బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు 1934లో చూపించారు. అప్పటినుంచి కాలు నొప్పి అనగానే డిస్కు వైపు చూడటం వైద్యుల అలవాటయింది. ఎమ్మారై వచ్చాక ఆ అలవాటుకు బొమ్మ కూడా తోడయింది. కానీ 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, నడుం నొప్పి ఏమీ లేని 98 మందికి ఎమ్మారై తీస్తే 52 శాతం మందిలో కనీసం ఒక చోటయినా డిస్కు ఉబ్బు కనిపించింది. 27 శాతం మందిలో అంతకు మించి డిస్కు బయటికి పొడుచుకొచ్చి ఉంది. అంటే, బొమ్మలో ఉబ్బు కనబడటం వేరు, కాలు నొప్పికి ఆ ఉబ్బే కారణం కావడం వేరు. రెంటినీ ముడిపెట్టే అధికారం రోగిని చూసిన డాక్టరుది. రేడియాలజిస్టు రిపోర్టులో ‘ఉబ్బు’ ఉంది, క్లినిక్ నోటులో ‘కాలు నొప్పి’ ఉంది, రెండూ కలిపి ఎం51.16 అని కోడర్ వేస్తే, వైద్యం చదవని మనిషి వైద్యం చేసినట్టే. ఒక్కొక్కసారి ఆ ముడి నిజమే కావచ్చు. అయినా వేసే హక్కు అతనికి లేదు.

నరాల పరీక్షల బిల్లుల్లో కథ ఇంకా ముదిరింది. కాలి నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో కొలిచే నెర్వ్ కండక్షన్ స్టడీ, కండరంలో సన్నటి సూది గుచ్చి దాని విద్యుత్తును వినే ఈఎంజీ, ఈ రెండూ నిజంగా పనికొచ్చే పరీక్షలే. నరం వెన్ను దగ్గర దెబ్బతిన్నదా, మోకాలి పక్కన నొక్కుకుందా, షుగరు వల్ల రెండు పాదాల నరాలూ క్షీణించాయా అని విడదీసి చెప్పగలవు. అయితే దేనికైనా సమయం ఉంది. నరం దెబ్బతిన్న గుర్తులు కండరంలో సూదికి వినబడాలంటే రెండు మూడు వారాలు పడుతుంది. నొప్పి మొదలైన నాలుగో రోజున చేసిన ఈఎంజీ చాలాసార్లు ‘బాగానే ఉంది’ అనే అంటుంది. బిల్లు మాత్రం బాగానే ఉంటుంది.

లెక్క చూడండి. డాక్టరు చేసిన పనికి వేసే సీపీటీ కోడ్‌లలో నెర్వ్ కండక్షన్‌కు 95907 నుంచి 95913 వరకు ఏడు మెట్లు. ఒకటి రెండు పరీక్షలకు మొదటి మెట్టు, మూడు నాలుగింటికి రెండోది, అలా ఎక్కుతూ పదమూడు, ఆపైన అయితే చివరిది. ఒకే నరాన్ని ఎన్ని చోట్ల ప్రేరేపించినా ఆ తరహా పరీక్ష ఒక్కటిగానే లెక్క. కుడికాలిలో రెండు మోటారు నరాలు, రెండు స్పర్శ నరాలు చూస్తే నాలుగు, కాబట్టి 95908. పోలిక కోసం ఎడమకాలూ చూస్తే ఎనిమిది, కాబట్టి 95910. చీలమండ దగ్గర ఒకటి, మోకాలి దగ్గర ఒకటి అని ఒకే నరాన్ని రెండుగా లెక్కబెడితే మెట్టు దానంతటదే పెరుగుతుంది. ఈఎంజీలోనూ అంతే. ఒక కాలిలో ఐదు కండరాలు, నిర్ణయించినన్ని నరాలో వెన్ను స్థాయులో చూస్తేనే పూర్తి పరీక్ష, 95886. నాలుగే చూస్తే పరిమిత పరీక్ష, 95885. తేడా ఒక్క కండరం. నివేదికలో పట్టిక వెతికి వేళ్ల మీద లెక్కబెట్టే ఓపిక కోడర్‌కు ఉందా, లేక పైన ‘పూర్తి ఈఎంజీ’ అని టైపు చేసిన శీర్షిక చూసి కోడ్ వేసేశాడా అన్నదాని మీద ఒక మనిషి చెల్లించే డాలర్లు ఆధారపడి ఉన్నాయి.

ఇదంతా ఊహ అనుకునేవారు 2014లో అమెరికా ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఇచ్చిన నివేదిక చూడాలి. 2011 ఒక్క ఏడాదిలో ఇలాంటి విద్యుత్ పరీక్షలకు మెడికేర్‌కు వెళ్లిన బిల్లుల్లో 4,901 మంది వైద్యుల బిల్లులు సందేహాస్పదంగా ఉన్నాయని అది లెక్కతేల్చింది. వాటి మొత్తం 13.9 కోట్ల డాలర్లు. అప్పట్లో ఒక్కో నరానికి ఒక్కో బిల్లు. నరాలు ఎక్కువైతే డబ్బు ఎక్కువ. 2013లో మెట్ల పద్ధతి తెచ్చి ఆ దారి మూశారు. ఒక దారి మూస్తే ఇంకో దారి వెతికేవాళ్లు ఉంటారని వేరే చెప్పాలా?

డబ్బు గొడవ పక్కన పెడదాం. డబ్బు పోతే మళ్లీ వస్తుంది. కాలు నొప్పికి సయాటికా అని పేరుపడ్డాక ఆ పేరు రోగి వెంట నడుస్తుంది. రెండో డాక్టరు ఫైలు తెరిస్తే పైనే కనిపిస్తుంది. అత్యవసర విభాగంలో రాత్రి రెండింటికి చూసే కుర్ర డాక్టరుకు అదే మొదట కనిపిస్తుంది. సయాటికానే కదా, మాత్రలిచ్చి పంపేద్దాం. పిక్క ఉబ్బి, వేడిగా ఉండి, లోపల సిరలో రక్తం గడ్డకట్టిన మనిషి కూడా కాలు నొప్పి అనే వస్తాడు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోతుంది. నాలుగడుగులు వేయగానే పిక్క పట్టేసి, నిలబడితే సర్దుకునే పొగతాగే మనిషికి సమస్య నరంలో కాక ధమనిలో ఉండవచ్చు. అన్నిటికంటే భయంకరమైనది కాడా ఈక్వినా సిండ్రోమ్. వెన్ను చివర గుర్రపు తోకలా వేలాడే నరాల కట్ట ఒక్కసారిగా నొక్కుకుపోవడం. రెండు కాళ్లూ లాగుతాయి, కూర్చునే చోట స్పర్శ పోతుంది, మూత్రం ఆగిపోతుంది. దానికి జీ83.4 అని కోడ్ ఉంది, కానీ ఆ పేషెంటుకు కావలసింది కోడ్ కాదు, గంటల లెక్కలో ఆపరేషన్. ఆలస్యమైతే జీవితాంతం మూత్రం, మలం మీద అదుపు ఉండకపోవచ్చు. నిన్నటి నోటులో అనుమానంగా ఉన్నది నిర్ధారణ అయిపోయి ఉంటే, ఈ రోజు వచ్చిన కొత్త లక్షణాన్ని కొత్త కళ్లతో చూసేవాళ్లు తగ్గిపోతారు. కోడ్ ఎవరినీ చంపదు. చూడాల్సిన మనిషి చూపును పక్కకు తిప్పుతుంది, అంతే.

షుగరున్న రోగి దగ్గర ఇంకో చిక్కు. ఇక్కడ నియమమే ఊహను అనుమతిస్తుంది. షుగరు, నరాల జబ్బు రెండూ ఒకే నోటులో నిర్ధారణలుగా ఉంటే, వాటికి సంబంధం లేదని డాక్టరు స్పష్టంగా రాయనంతవరకు, సంబంధం ఉన్నట్టే కోడ్ చేయమంటుంది. ఇ11.40 అలా పడుతుంది. సబబే. కానీ ‘పాదాల్లో తిమ్మిరి’ అన్నది నరాల జబ్బు అన్న నిర్ధారణ కాదు. ఎడమకాలికే పరిమితమైన డిస్కు నొప్పి షుగరు పుణ్యం కాదు. వృద్ధులకు ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాల్లో, రోగి ఎంత జబ్బుపడినట్టు కనిపిస్తే కంపెనీకి ప్రభుత్వం అంత ఎక్కువ ఇస్తుంది. చాలా ఏళ్లు ఉపద్రవాలతో కూడిన షుగరుకు, ఉత్త షుగరుకు మధ్య తేడా డబ్బు రూపంలో ఉండేది. 2024 నుంచి దశలవారీగా తెచ్చిన కొత్త లెక్కలో ఆ తేడా తీసేశారు. ఎందుకు తీసేయాల్సి వచ్చిందో ఆలోచిస్తే చాలు. గోరంత తిమ్మిరిని కొండంత చేస్తే లాభం వచ్చే చోట, తిమ్మిరులు పెరుగుతాయి.

తెలుగువారి ఇళ్లకు ఈ కోడ్ ఇంకో రకంగా కూడా వస్తుంది. పురుడుకో, మనవడిని చూసుకోవడానికో అమెరికా వెళ్లే అమ్మానాన్నలు కొనుక్కునే విజిటర్ పాలసీల్లో చాలావాటికి పాత జబ్బులు వర్తించవు. పద్నాలుగు గంటలు విమానంలో కూర్చున్న తల్లికి దిగిన మూడోరోజే కాలు లాగింది. అర్జెంట్ కేర్‌కు తీసుకెళ్లారు. డాక్టరు అడిగితే ఆవిడ నిజాయితీగా చెప్పింది, అప్పుడప్పుడూ నడుం పడుతూ ఉంటుందమ్మా అని. నోటులో ‘దీర్ఘకాలిక’ అన్న ఒక్క మాట పడి, బిల్లులో అరుగుదల కోడ్ పడితే, పాలసీ చేతులు దులుపుకుంటుంది. కూతురు ఆ బిల్లు కట్టుకుంటూ ఉంటుంది. అరుగుదల ఉందని ఎవరూ బొమ్మ తీయలేదు, ఎవరూ తేల్చలేదు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక మాట: ఏ సేవకు ఎంత చెల్లించిందో చెబుతూ బీమా కంపెనీ పంపే ఈవోబీ కాగితాన్ని చించి పారేయకండి. పద్దుల వారీ బిల్లు అడగండి. అందులో ఏ జబ్బు కోడ్ ఉందో చూడండి. నోటులో లేని జబ్బు బిల్లులో ఉంటే సరిదిద్దమని రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది. బీమా లేకుండా సొంత డబ్బుతో చూపించుకునేవారికి 2022 నుంచి ముందస్తు అంచనా ఇవ్వాల్సిన చట్టం కూడా ఉంది. ఆ అంచనా మీద 400 డాలర్లు, అంతకు మించి బిల్లు వస్తే వివాదం దాఖలు చేసుకోవచ్చు.

ఇక చట్టం. అమెరికాలో ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం అంతర్యుద్ధ కాలంలో, 1863లో, సైన్యానికి నాసిరకం సరుకు అమ్మిన కాంట్రాక్టర్ల మీద పుట్టింది. ఇప్పుడు ఆసుపత్రి బిల్లుల మీద ఎక్కువగా పడుతోంది. ప్రభుత్వానికి కలిగిన నష్టానికి మూడింతలు, ఆపైన ప్రతి తప్పుడు బిల్లుకూ విడిగా జరిమానా. ఆ చట్టంలో ‘తెలిసి’ అన్న మాటకు అర్థం విశాలం. తెలుసుకోకుండా కావాలని కళ్లు మూసుకోవడం కూడా తెలిసినట్టే. నిజమో కాదో ఏమాత్రం పట్టించుకోకుండా వదిలేయడం కూడా తెలిసినట్టే. తప్పుడు బిల్లు సమర్పించినవారే కాదు, సమర్పించేలా చేసినవారూ బాధ్యులే. మేం చెప్పిందే వేశాం అన్న మాటకు అక్కడ బరువు తక్కువ. ఏ చార్టు మీద ఏ కోడ్ ఎవరి లాగిన్‌తో పడిందో సాఫ్ట్‌వేర్ గుర్తుంచుకుంటుంది. టీమ్ లీడ్ నోటిమాటగా చెప్పిన ‘మార్చెయ్’ మాత్రం ఎక్కడా కనిపించదు.

ఈ పరిశ్రమలో 95 శాతం అన్నది పవిత్రమైన అంకె. ఆడిట్‌లో నూటికి తొంభై అయిదు సరిగా ఉంటే కోడర్ మంచివాడు. తొంభై అయిదు అంటే గొప్పగానే వినిపిస్తుంది. మిగతా అయిదూ ఏ రకం తప్పులన్నది ఆ అంకె చెప్పదు. కుడి బదులు ఎడమ పడటం ఒక తప్పు. లేని జబ్బును ఉన్నట్టు రాయడం ఇంకో తప్పు. రెంటికీ ఒకటే మార్కు తీసేస్తే, రెండోదానికి భయం ఎలా వస్తుంది? పైగా ఆడిట్ చేసేది సంస్థ, టార్గెట్ పెట్టేది సంస్థ, డినయల్, అంటే తిరిగొచ్చే బిల్లులు, తగ్గితే ఇన్సెంటివ్ ఇచ్చేది కూడా సంస్థే. డినయల్ తగ్గడం మంచి కోడింగ్‌కు గుర్తు కావచ్చు, చెడ్డ కోడింగ్‌కు కూడా గుర్తు కావచ్చు. దాన్ని జీతంతో ముడిపెట్టిన రోజు తేడా చెరిగిపోయింది.

ఇప్పుడు యంత్రం వచ్చింది. నోటు చదివి తనంతట తానే కోడ్ వేసే సాఫ్ట్‌వేర్‌లు పనిలోకి దిగాయి. మనిషి కేవలం చూసి సరే అనాలి. ఇందులో మంచి లేకపోలేదు. కండరాల పట్టిక లెక్కబెట్టడానికి యంత్రం అలసిపోదు. కానీ డాక్టర్ల నోట్లే పాత నోట్ల నుంచి అతికించినవి అయినప్పుడు, మార్చిలో రాసిన ‘కాలెత్తితే నొప్పి’ సెప్టెంబరు నోటులోనూ అలాగే ఉన్నప్పుడు, యంత్రం పాత అబద్ధాన్ని కొత్త వేగంతో ముందుకు పంపుతుంది. ‘లేదు’, ‘కావచ్చు’, ‘ఇదివరకు ఉండేది’ లాంటి చిన్న మాటల దగ్గరే అది తప్పటడుగు వేస్తుంది. ఆ చిన్న మాటలు పట్టుకోవడమే కదా మనిషి ఉద్యోగం. అడిగినవన్నిటికీ సరే నొక్కే మనిషికి జీతం ఎంతకాలం ఇస్తారో ఎవరి లెక్క వాళ్లు వేసుకోవచ్చు.

మన దేశానికి ఈ గాలి తగలదనుకోవద్దు. ఇక్కడి ఆరోగ్య బీమా క్లెయిమ్ ఫారంలో ఆసుపత్రి నింపే భాగంలో ఐసీడీ-10 కోడ్‌కు గడి ఇప్పటికే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018 సెప్టెంబరులో వచ్చిన ఆయుష్మాన్ భారత్, రెండూ ప్యాకేజీల లెక్కలోనే డబ్బు చెల్లిస్తాయి. జబ్బు పేరును బట్టి డబ్బు వచ్చే చోట, డబ్బును బట్టి జబ్బు పేరు వచ్చే ప్రమాదం ఉంటుంది. ఆభా అనే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరుతో రికార్డులన్నీ ఒక చోటికి చేరే రోజు వస్తోంది. ఒకసారి ఎక్కిన తప్పుడు పేరు అప్పుడు ఊరూరా తిరుగుతుంది.

ఏం చేయాలో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. డాక్టరుకు ప్రశ్న పంపిన చార్టును పెండింగ్ కింద కాకుండా పని కింద లెక్కగట్టాలి. ఈ ఒక్క మార్పు సంస్థలు చేస్తే సగం ఒత్తిడి దిగుతుంది. తిరిగొచ్చిన బిల్లు మీద కోడ్ మారితే, ఏ వాక్యం ఆధారంగా మారిందో అక్కడే రాయించాలి. ఆధారం చూపలేని మార్పును ఆడిట్‌లో మామూలు తప్పుగా కాక, వేరే ఖాతాలో లెక్కించాలి. సర్టిఫికెట్ పరీక్షకు తయారుచేసే కోచింగ్ సెంటర్లు బట్టీ కొట్టించే కోడ్‌ల జాబితా కాస్త తగ్గించి, నడుం నుంచి బొటనవేలి దాకా ఒక నరం ఎలా వెళ్తుందో బొమ్మ గీసి చెప్పాలి. అది తెలిసినవాడు ఒకే నరాన్ని రెండుగా లెక్కబెట్టడు.

కోచింగ్ సెంటర్ల యజమానులకు, సంస్థల శిక్షణ విభాగాలకు మా విన్నపం చిన్నది. వచ్చే బ్యాచ్ కూర్చున్న మొదటి రోజున, వెన్నెముక బొమ్మ కంటే ముందు, జీతాల మాట కంటే ముందు, మార్గదర్శకాల నాలుగో విభాగంలో అనిశ్చిత నిర్ధారణ గురించి చెప్పే ‘హెచ్’ పేరాను పిల్లల చేత గట్టిగా చదివించండి. అది కొద్ది వాక్యాలే.